మనకు తలుపు తీసిన ఇమాన్యుయేల్ సెల్లర్‌ను మనం ఎందుకు ఎరగం?

అమెరికాలో తెలుగువారి మహాసభలు జరిగిన ప్రతిసారీ మొదటి తరం డాక్టర్లను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పుతాం, జేబులో ఎనిమిది డాలర్లతో విమానం దిగిన కథలు చెప్పించుకుని చప్పట్లు కొడతాం. వారు ఆ విమానం ఎక్కడానికి వీలు కల్పించిన చట్టం ఎవరిదో ఆ వేదికల మీద ఒక్కసారి కూడా వినలేదు. ఈ మరపు నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

ఆయన పేరు ఇమాన్యుయేల్ సెల్లర్. 1888లో బ్రూక్లిన్‌లో, జర్మనీ నుంచి వలస వచ్చిన యూదుల మనవడిగా పుట్టారు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతుండగా తల్లిదండ్రులిద్దరూ నెలల తేడాతో పోతే, మధ్యాహ్నం దాకా తరగతులకు వెళ్లి ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి ద్రాక్షసారా అమ్మి ఇల్లు నడిపారు. లాయరై, 1922లో ప్రతినిధుల సభకు ఎన్నికై, 1923 మార్చి నుంచి 1973 జనవరి దాకా, అంటే యాభై ఏళ్లకు రెండు నెలలు తక్కువగా, ఆ సభలోనే ఉన్నారు.

ఆయన సభ్యత్వం మొదలవడానికి దాదాపు రెండు వారాల ముందు, 1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు శ్వేతజాతీయులు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అప్పటికే పౌరులైనవారి హక్కును కూడా ప్రభుత్వం వెనక్కి లాక్కుంది. అలా పౌరసత్వం పోగొట్టుకున్న వైష్ణో దాస్ బాగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. 1924లో వలసలను కట్టడి చేసే జాన్సన్-రీడ్ చట్టం వచ్చింది. 1890 జనాభా లెక్కల్లో ఏ దేశంవారు ఎందరున్నారో చూసి, అందులో రెండు శాతం మందినే ఏటా రానివ్వాలన్నది దాని సూత్రం. 1890ని ఎంచుకోవడంలోనే అసలు ఉద్దేశం దాగి ఉంది: ఇటలీవారు, తూర్పు ఐరోపా యూదులు పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ తర్వాతే. ఆసియావారికైతే ఆ రెండు శాతం కూడా లేదు. ముప్ఫై అయిదేళ్ల కొత్త సభ్యుడు సెల్లర్ సభలో చేసిన తొలి పెద్ద ప్రసంగం ఈ బిల్లుకు వ్యతిరేకంగానే. బిల్లు 323-71 ఓట్లతో నెగ్గింది.

ఆ ఓటమి తర్వాత ఆ విషయాన్ని వదిలేసి సుఖంగా బతికే అవకాశం ఆయనకు ఉంది. ఆయన వదల్లేదు. 1946లో తోటి సభ్యురాలు క్లేర్ బూత్ లూస్‌తో కలిసి తెచ్చిన లూస్-సెల్లర్ చట్టం ఏడాదికి వంద మంది భారతీయులకు ప్రవేశం కల్పించింది. వందే కదా అని ఈనాడు ఎవరైనా తీసిపారేస్తే నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆ చట్టం ప్రాణం ఆ వందలో లేదు, అది తిరిగి ఇచ్చిన పౌరసత్వపు హక్కులో ఉంది. కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి పొలాల్లో చెమటోడ్చినా పౌరసత్వం లేక సెంటు భూమి తమ పేరున కొనుక్కోలేని పంజాబీ రైతులకు అది బతుకు. అలా 1949లో పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్ 1956లో గెలిచి, సెల్లర్ కూర్చున్న సభలోనే సభ్యుడయ్యారు.

సభలో బిల్లులను ముందుగా పరిశీలించే న్యాయవ్యవహారాల సంఘానికి అధ్యక్షుడిగా సెల్లర్, ఒహాయో రిపబ్లికన్ విలియం మెకల్లక్‌ను కలుపుకుని, 1964 పౌరహక్కుల బిల్లును 290-130 ఓట్లతో సభ దాటించారు. ఆ మరుసటి ఏడే సెనేటర్ ఫిలిప్ హార్ట్‌తో కలిసి తెచ్చిన వలస చట్టం నెగ్గింది. 1965 అక్టోబర్ 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దాని మీద సంతకం చేశారు. తాను మొదట ఎదిరించిన కోటాలను నలభై ఒక్క ఏళ్ల తర్వాత సెల్లర్ తన పేరున్న చట్టంతోనే రద్దు చేయించారు.

ఆసియా నుంచి పెద్దగా జనం రారని ఆనాటి చర్చలో ఆయనే సభకు నచ్చజెప్పారు. ఇక్కడ బంధువులే లేనివారిని ఎవరు పిలిపించుకుంటారన్నది అప్పటి లెక్క. వృత్తినిపుణులకు కేటాయించిన వీసాల మీద మొదట డాక్టర్లు, ఇంజనీర్లు వస్తారని, వారు తమ తోబుట్టువులను పిలిపించుకుంటారని ఆ లెక్కలో లేదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన మా పెదనాన్నగారు 1971లో వచ్చింది అలాగే. ఆయన వెనుక మా బాబాయి, మా అత్తయ్య, చివరికి మేము. మహాసభల్లో కనబడే ఎన్నో కుటుంబాల కథ ఇదే.

1965 చట్టంలోనే ఒక్కో దేశానికి ఏటా 20,000 అన్న పరిమితి ఉందని, 1990 చట్టం దానిని మొత్తం వీసాల్లో ఏడు శాతంగా మార్చిందని, మన పిల్లలు గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడటానికి మూలం అదేనని కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. వారి బాధ నిజమైనదే. కానీ వంద మందికి మించి వీల్లేదన్న దేశానికి, బ్రిటన్‌కు ఎంతో అంతే ఇస్తామన్నది ఆనాటికి న్యాయమే. 1990 తర్వాత దానిని సవరించలేని సభలను నిలదీయాలి కానీ సెల్లర్‌ను కాదు.

ఆయనను నిలదీయవలసిన చోటు వేరే ఉంది. స్త్రీపురుషుల సమాన హక్కుల కోసం తలపెట్టిన రాజ్యాంగ సవరణను ఆయన తన సంఘంలో రెండు దశాబ్దాల పాటు కదలనివ్వలేదు. 1970లో సభ్యురాలు మార్తా గ్రిఫిత్స్ 218 మంది సభ్యుల సంతకాలు సేకరించి దానిని ఆ సంఘం చేతిలోంచి బయటికి లాగవలసి వచ్చింది. సభ దానిని 352-15తో ఆమోదించినప్పుడు కూడా ఆయన వ్యతిరేకంగానే నిలబడ్డారు. పుట్టిన చోటును బట్టి మనిషికి విలువ కట్టకూడదని జీవితమంతా పోరాడిన పెద్దమనిషి, ఆడదై పుట్టినందుకు హక్కు తగ్గకూడదన్న మాటను వినలేకపోయారు. దీనిని నేను ఆయన వయసు మీదికి నెట్టి క్షమించలేను. బ్రూక్లిన్ ఓటర్లు కూడా క్షమించలేదు: 1972లో పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీలో ముప్ఫై ఏళ్ల ఎలిజబెత్ హోల్ట్జ్‌మన్ ఆయనను కొన్ని వందల ఓట్ల తేడాతో ఓడించారు. 1981లో, తొంభై రెండేళ్ల వయసులో, బ్రూక్లిన్‌లోనే కన్నుమూశారు.

మహాసభల నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే సావనీరులో ప్రకటనల నడుమ ఒక్క పేజీ సెల్లర్ గారికి కేటాయించండి. 1924 ప్రసంగం నుంచి 1965 సంతకం దాకా అందులో రాయించండి, 1970లో ఆయన ఎటువైపు నిలబడ్డారో కూడా దాచకుండా రాయించండి. రాసేవారు దొరకకపోతే నేను రాసిస్తాను.