ఇంటి ఖర్చు ప్లాన్ దశలోనే తేలాలి

తమ అభిరుచికి తగినట్టు ఇల్లు కట్టించుకునేవారు, ఖర్చు అంచనా దాటగానే సిమెంటు, ఉక్కు ధరలనో కూలి రేట్లనో తప్పుపట్టడం పరిపాటి. ధరలు పెరగవని కాదు గానీ, పని మొదలయ్యాక యజమాని మార్చుకునే నిర్ణయాలే చాలా ఇళ్ల లెక్కను తలకిందులు చేస్తాయని నా అభిప్రాయం. స్నానాల గది తలుపును ప్లాన్‌లో జరపడానికి ఒక గీత చెరిపితే చాలు. అదే మార్పు గోడ లేచి, పైపులు బిగించి, ప్లాస్టరింగ్ పూర్తయ్యాక చేయాలంటే పగలగొట్టినందుకు, మళ్లీ కట్టినందుకు, ఈలోగా ఖాళీగా కూర్చున్న మిగతా పనివాళ్ల రోజులకు కూడా డబ్బు కట్టాల్సిందే.

చదరపు అడుగుకు ఇంత అనే లెక్క ఇంటి ఆకారాన్ని పట్టించుకోదు. 10 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఇంటికి బయటి గోడల పొడవు 40 మీటర్లు. అదే 100 చదరపు మీటర్లను 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పుతో కడితే 50 మీటర్ల గోడ కావాలి. గోడతోపాటు దాని కింది పునాది, పైపూత, రంగు అన్నీ ఆ మేరకు పెరుగుతాయి. పక్కవారి ఇంటి రేటు చూసి మన ఇంటికి లెక్క వేసుకోవడంలో ఉన్న చిక్కు ఇదే.

కాంట్రాక్టర్ల కొటేషన్లను పోల్చేటప్పుడు చివరి మొత్తం కన్నా ముందు, టైల్స్, కుళాయిలు, వంటగది అరల వంటి ఇంకా ఎంచుకోని వస్తువులకు ఎంత రాశారో చూడాలి. అక్కడ తక్కువ వేసినవారి కొటేషనే అన్నిటికన్నా చవకగా కనిపిస్తుంది; తేడా కొనుగోళ్ల సమయంలో బయటపడుతుంది.

ముందుగా తేల్చుకోలేనివీ కొన్ని ఉంటాయి. వాటిలో నేల ముఖ్యమైనది. మట్టి పరీక్ష చేయించినా తవ్వకంలో రాయి, ఊట ఎదురుకావచ్చు కాబట్టి, మొత్తంలో కనీసం పదో వంతు పక్కన పెట్టాలి. ఆ సొమ్మును ఖరీదైన రాతి పలకల కోసం ముట్టుకోకుండా ఉండటమే అసలు కష్టం.

అయినా కోత తప్పకపోతే గది విస్తీర్ణం తగ్గించుకోవాలి, లేదా అలమరలను తర్వాతికి వాయిదా వేసుకోవాలి. పునాదిలో, నీరు చొరబడకుండా వేసే పూతలో, గోడలోపలి వైరింగులో మాత్రం కోత పెట్టకూడదు. అవి చెడితే పైన చేసినదంతా తొలగించాకే బాగుచేయగలం.