ఎవరి ఉత్తరమైనా చేర్చబడును

హైదరాబాద్‌లో దానగుణం తగ్గిపోయిందని బాధపడేవాళ్లు మాదాపూర్ సర్వర్ గదుల్లోకి ఒకసారి తొంగిచూడాలి. మొహం తెలీనివాడు మెయిల్ సర్వర్లు ఉత్తరాలు పుచ్చుకునే పోర్ట్ 25 తలుపు తట్టి, తనది కాని పేరుతో మనది కాని చిరునామాకి ఉత్తరం ఇస్తే, కిక్కురుమనకుండా "250 ఓకే" అని పుచ్చుకునే ఓపెన్ రిలే మెయిల్ సర్వర్లు ఇంకా ఉన్నాయి. అత్తసొమ్ము అల్లుడు ధారపోసినట్టు, కంపెనీ ఐపీ పరువును అడ్మిన్ పంచిపెడుతున్నాడు.

ఈ పుణ్యం ఒకప్పుడు ఉట్టినే వచ్చేది. 1998లో సెండ్‌మెయిల్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ 8.9 వెర్షన్‌లో పిసినారై, చెప్పనిదే రిలే చెయ్యనంది. పోస్ట్‌ఫిక్స్ అనే మరో సాఫ్ట్‌వేరూ అంతే. కాబట్టి ఇప్పుడు పట్టుదలగా సాధించాలి.

సులువైన దారి, కాగితాన్ని స్కాన్ చేసి మెయిల్‌లో పంపే ఆఫీసు స్కానర్. అది మెయిల్ పంపడం లేదు, మేనేజర్ గారు నెత్తిమీద నిలబడ్డారు. పోస్ట్‌ఫిక్స్ నమ్మే ఐపీల జాబితా అయిన మైనెట్‌వర్క్స్‌లో 0.0.0.0/0, అంటే అన్ని ఐపీలూ అని కొట్టండి, స్కానర్‌తో పాటు ప్రపంచమూ పంపుతుంది. స్కానర్ ఐపీ ఒక్కటే /32తో రాస్తే సరిపోయేది గానీ, అంత సంకుచితం మనకెందుకు?

కాస్త కళాపోషణ ఉన్నవాళ్లు ఎవరి మెయిల్ మోయాలో చెప్పే రిలే రిస్ట్రిక్షన్స్ నియమాల్లో, తిరస్కరించే నియమానికి ముందే, పంపేవాడి చిరునామా మన డొమైన్ అయితే ఓకే అని రాస్తారు. పంపేవాడు తన చిరునామా చెప్పుకునే మెయిల్ ఫ్రమ్‌లో ఎవడైనా ఏదైనా రాసుకోవచ్చు. పైనుంచి చదువుతూ మొదట తగిలిన అనుమతి దగ్గరే పోస్ట్‌ఫిక్స్ ఆగిపోతుంది.

అసలు విద్వత్తు మాత్రం ప్రోగ్రాములను వేరే డబ్బాల్లో (కంటైనర్లలో) పెట్టి నడిపే డాకర్‌ది. కాన్ఫిగ్‌లో వంక పెట్టలేం. మైనెట్‌వర్క్స్‌లో 172.16.0.0/12 అనే లోపలి ఐపీల వరుస తప్ప ఏమీ ఉండదు. కానీ మధ్యలో అసలు ఐపీని దాచేసే ప్రాక్సీయో మాస్కరేడో ఉంటే బయటి కనెక్షన్లన్నీ 172.17.0.1 అనే గేట్‌వే ముసుగులో వస్తాయి. స్పామర్ కూడా ఇంటివాడైపోతాడు. లాగ్‌లో "కనెక్ట్ ఫ్రమ్" పక్కన ఎప్పుడూ అదే ఐపీ కనిపిస్తే సంబరపడొచ్చు. సంబరం వద్దనుకుంటే అసలు ఐపీ లోపలికి వచ్చేలా ప్రాక్సీ ప్రోటోకాల్ పెట్టాలి, లేదా ఆ వరుసను మైనెట్‌వర్క్స్ నుంచి తీసేసి అందరినీ పాస్‌వర్డ్‌తో పోర్ట్ 587కి పంపాలి. ఆ పాస్‌వర్డ్ "టెస్ట్123" అయితే దానధర్మాలు యథాతథం.

పిసినారుల పద్ధతీ ఉంది. మైనెట్‌వర్క్స్‌లో ఆ సర్వర్ తననే సూచించే 127.0.0.0/8, ఐపీవీ6 వాడితే [::1]/128. తర్వాత రిలే రిస్ట్రిక్షన్స్‌లో వరుసగా పర్మిట్ మైనెట్‌వర్క్స్, పర్మిట్ సాస్‌ల్ ఆథెంటికేటెడ్ (పాస్‌వర్డ్ ఇచ్చినవాళ్లకు అనుమతి), చివర రిజెక్ట్ అన్‌ఆథ్ డెస్టినేషన్ (మిగతావాళ్లు పరాయి చిరునామాకి పంపితే తిరస్కారం). టీఎల్ఎస్ గుప్తీకరణ లేనిదే పాస్‌వర్డ్ అడగొద్దు. పరీక్ష ఆ సర్వర్‌లోంచే చేస్తే అర్థం లేదు, అది ఎలాగూ నమ్మకస్తుడే. ఇంట్లోంచి చేద్దామంటే చాలా ఇంటర్నెట్ సంస్థలు బయటికి పోర్ట్ 25 మూసేస్తాయి. అది తెరిచి ఉన్న బయటి మెషీన్ నుంచి మీ సర్వర్ పోర్ట్ 25కి టెల్నెట్ కమాండ్ కొట్టి, రెండు చిరునామాలూ పరాయి డొమైన్లవి ఇవ్వాలి. "554 5.7.1 రిలే యాక్సెస్ డినైడ్" వస్తే మీ ఆఫీసులో మానవత్వం చచ్చిపోయినట్టే.

ఇంకా దాతలుగానే ఉన్నవాళ్లను, స్పామ్ పంపే ఐపీల జాబితాలు నడిపే స్పామ్‌హాస్ వాళ్లు త్వరలో జాబితాకెక్కిస్తారు. అప్పుడు క్లయింటుకి పంపిన ఇన్వాయిసు తిరిగొస్తుంది. వెంటనే అందరూ చేసే పని, రిలే మూయకుండానే పేరు తీసెయ్యమని అర్జీ పెట్టడం. పేరు పోయి మళ్లీ వస్తుంది. ఆ తర్వాత క్యూలో పేరుకున్న చెత్త మీద కోపంతో, క్యూ మొత్తం చెరిపేసే పోస్ట్‌సూపర్ మైనస్ డీ ఆల్ కమాండ్ కొడతారు. స్పామ్ మొత్తం పోతుంది, అందులో ఇరుక్కున్న జీతాల స్లిప్పులతో సహా.