కొండమీది అభ్యర్థులకు ఇంటర్వ్యూ

కొండమీది మొక్కనో పిట్టనో కాపాడాలి అనగానే ఒక పెద్దమనిషి లేచి గొంతు సవరించుకుంటాడు. "అంతా బాగానే ఉందిగానీ, దానివల్ల మనకేంటి లాభం?" ఆయన మీకూ తెలుసు, ప్రతి మీటింగులోనూ ఉంటాడు. చేతిలో నీళ్ల బాటిల్ ఉంటుంది. నీళ్లు బాటిల్లోనే పుడతాయని ఆయన గట్టి నమ్మకం.

సరే, ఆయన్నే చైర్మన్‌గా కూర్చోబెట్టి కొండజీవులను ఇంటర్వ్యూకి పిలుద్దాం.

మొదట కొలంబియా ఆండీస్ నుంచి ఎస్పెలేషియా మొక్క వచ్చింది. "నా ఆకుల నూగుతో పొగమంచులోని తేమ పట్టి నేలకు దించుతాను సార్. బొగోటా నగరం తాగే నీళ్లలో ఎక్కువ భాగం మా కొండలవే."

"ఏడాదికి ఎంత ఎదుగుతావ్?"

"ఒక సెంటీమీటరు, అటూ ఇటూగా."

"ప్రొడక్టివిటీ లేదు. నెక్స్ట్!"

రాకీ పర్వతాల నుంచి నట్‌క్రాకర్ పిట్ట. "వైట్‌బార్క్ పైన్ చెట్టు కాయలు వాటంతటవి విచ్చుకోవు సార్. నేనే ముక్కుతో చీల్చి, నాలుక కింది సంచిలో గింజలు నింపుకుని, వేలాది చోట్ల మట్టిలో దాస్తాను."

"దాచి?"

"తర్వాత తవ్వుకుని తింటాను. కొన్ని మిగిలిపోతాయి."

"అంటే పని సగంలో వదిలేస్తావన్నమాట."

"ఆ వదిలేసిందే అడవి సార్. చెట్ల నీడలో మంచు మెల్లగా కరుగుతుంది, కింద వాగుల్లో ఎండాకాలం దాకా నీళ్లుంటాయి."

"మతిమరుపుకి సర్టిఫికెట్ ఉందా? గోదాము? అటెండెన్స్ రిజిస్టరు?" ఏదీ లేదు. ఆ చెట్టుకి ముప్పు ఉందని 2022లో అమెరికా ప్రకటించిందని పక్క మెంబరు గొణిగాడు. "మరీ మంచిది. చెట్టే లేకపోతే ఇక పోస్టెందుకు?" అని చైర్మన్ పెన్ను మూశాడు.

మూడో అభ్యర్థి టిబెట్ పీఠభూమిలో ఉండే పైకా అనే జంతువు. కుందేలుకు చుట్టమే అయినా పిడికెడంతే ఉంటుంది. దాన్నసలు ఇంటర్వ్యూకే పిలవలేదు. గడ్డి తినేస్తోందని దశాబ్దాల తరబడి విషం పెట్టారు. పశువులు అతిగా మేసి బోడి అయిన నేలకే అది ఎక్కువగా చేరుతుందన్న సంగతి ఎవరికి కావాలి? దాని బొరియల గుండా వాన నేలలోకి ఇంకుతుంది. పాత బొరియల్లో పిట్టలు గూళ్లు పెడతాయి. నక్కలూ డేగలూ దాన్ని తిని బతుకుతాయి. విషం పెట్టిన చోట నీరు ఇంకడం తగ్గిందని శాస్త్రవేత్తలు కొలిచి మరీ చెప్పారు. యాంగ్జీ, మెకాంగ్ నదులు పుట్టేది ఆ పీఠభూమి మీదే!

సిగ్గుండక్కర్లేదా? ఊరికే పనిచేసిపెట్టే ప్రాణికి జీతంగా విషం పెట్టి, తర్వాత దిగువన వరదొస్తే ప్రకృతి వైపరీత్యమని సంతాపం తెలుపుతారా? అది ప్రకృతి చేసింది కాదు, మీరు సంతకం పెట్టి చేసింది.

ఇప్పుడు పైకా పని ఎవరు చేస్తారని అడిగితే, నీళ్లు ఇంకించే ప్రాజెక్టుకు టెండర్లు పిలవమంటాడు చైర్మన్. అనుభవం ఉన్న కంపెనీలే రావాలట.