మూడు డజన్ల మఫిన్ల పుస్తకం గారికి

మహారాజశ్రీ పాత రెస్టారెంటు వంటపుస్తకం గారికి,

మాసచూసెట్స్ నుంచి మీ కొత్త యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, నా భార్య, మా అమ్మాయి క్షేమం. వంటింట్లో పొగ అలారం కూడా క్షేమమే. పోయిన శనివారం రెండుసార్లు మోగి, తనకేమీ కాలేదని తనే చెప్పుకుంది.

మా ఊరి లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్ముతుంటే మిమ్మల్ని ఒక్క డాలరుకి తెచ్చుకున్నాను. మా ఊరు వూస్టర్ పక్కనే. ఇంగ్లీషులో వోర్సెస్టర్ అని రాసుకుని వూస్టర్ అని పలికే జనం మధ్య ఇన్నేళ్ళుగా ఉంటున్నవాణ్ణి, ఇక్కడ అచ్చయిన అక్షరాన్ని అంత తేలిగ్గా నమ్మకూడదని నాకు తెలిసి ఉండాల్సింది. కానీ మీ అట్ట మీద మేపుల్ ఆకుల బొమ్మ, దువ్వెన పళ్ళలాంటి ప్లాస్టిక్ బైండింగు, మధ్యమధ్య వెన్న మరకలు చూసి పడిపోయాను. మా భోజనశాలలో వడ్డించే రుచి ఇకనుంచి మీ ఇంట్లోనే అని ముందుమాటలో మాటిచ్చారు. ఆ భోజనశాల ఎప్పుడో మూతపడింది. అది ఉన్నచోట ఇప్పుడు మందుల షాపు పార్కింగ్ ఉంది. నిలదీద్దామన్నా మనిషి లేడు కాబట్టి ఈ ఉత్తరం మీకే రాయాల్సి వచ్చింది.

అక్టోబరు వస్తే ఈ వైపు జనానికి ఏదో పూనుతుంది. ఎర్రబడ్డ ఆకుల్ని చూడ్డానికి బస్సులు కట్టుకుని వస్తారు. ఆఫీసులో ఎవరో ఒకరు ఇంట్లో చేసిన గుమ్మడి మఫిన్లు పట్టుకొస్తారు. పదేళ్ళపాటు వాళ్ళవి మొహమాటం లేకుండా తిన్నాను. ఈసారి నేనే తీసుకెళ్తే బాగుంటుందనిపించింది. మఫిన్ అంటే ఇక్కడ ఆషామాషీ వ్యవహారం కాదు. 1986లో మాసచూసెట్స్ కార్న్ మఫిన్‌ని తన రాష్ట్ర మఫిన్‌గా ప్రకటించుకుంది. 1987లో న్యూయార్క్, బడిపిల్లలు అడిగారని యాపిల్ మఫిన్‌ని ఎంచుకుంది. ఆ మరుసటేడు మిన్నెసోటా బ్లూబెర్రీ మఫిన్ పట్టుకుంది. మనకి రాష్ట్ర పక్షి ఉంది, రాష్ట్ర చెట్టు ఉంది, రాష్ట్ర పెసరట్టు మాత్రం లేదు. పెట్టినా, ఉప్మా లోపలా పక్కనా అన్న దగ్గరే అసెంబ్లీ వాయిదా పడుతుంది.

సరే, మీ 61వ పేజీకి వద్దాం. శరత్కాలపు మఫిన్లు, మూడు డజన్లు.

మొదటి వస్తువే '303 నంబరు గుమ్మడి డబ్బా'. ఇది డబ్బా నంబరా, సిటీ బస్సు నంబరా? సూపర్ మార్కెట్లో కుర్రాణ్ణి అడిగితే మూడొందల మూడో వరస తమ షాపులో లేదన్నాడు. పాతకాలంలో డబ్బాల సైజులకి నంబర్లుండేవని, 303 అంటే సుమారు 16 ఔన్సులని, అంటే రెండు కప్పులని తర్వాత తెలిసింది. ఇప్పటి డబ్బా 15 ఔన్సులు. ఆ తగ్గిన ఔన్సుకి పూచీ మీది కాదు, ఒప్పుకుంటాను. కానీ రెండు కప్పులు అని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయేది?

వీడియో కాల్లో అమ్మకి ఆ డబ్బా చూపించాను. "డబ్బాలో గుమ్మడికాయేంట్రా, రోగమా దానికి?" అంది. అమ్మ తెనాలిలో ఉంటుంది, గుమ్మడికాయని భుజాన మోసుకొచ్చి నలుగురు పంచుకునే రోజులు ఎరిగినావిడ. ఇల్లినాయ్‌లో మోర్టన్ అనే ఊరి చుట్టుపక్కల పండించి డబ్బాల్లో పెడతారని, హాలోవీన్‌కి మొహాలు చెక్కే గుమ్మడి వేరని, ఆ డబ్బాలోది మన దప్పళంలో వేసే తీపి గుమ్మడి జాతేనని చెప్పాను. "మరింకేం, దప్పళమే పెట్టుకో" అంది. ఆ మాట వినుంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

రెండోది ఆల్‌స్పైస్, ఒక చెంచా. ఇక్కడ నేను నిండా పప్పులో కాలేశాను. ఆల్ అంటే అన్నీ, స్పైస్ అంటే మసాలా. అన్ని మసాలాలూ కలిపిన పొడి మా ఇంట్లో లేకపోవడమేమిటి? గరం మసాలా డబ్బా తీసి ఒక చెంచా నిండుగా వేశాను. ధనియాలు, జీలకర్రతో సహా. ఓవెన్ తలుపు తీసేసరికి ఇల్లంతా కోడికూర వాసన. మా అమ్మాయి మేడ మీద నుంచి పరిగెత్తుకొచ్చి, పళ్ళెంలో మఫిన్లు చూసి, "నాన్నా, దీనికి రైతా ఏదీ?" అంది.

ఆల్‌స్పైస్ అంటే జమైకాలో పెరిగే ఒక చెట్టు కాయట, ఎండబెడతారట. లవంగం, దాల్చినచెక్క, జాజికాయ మూడింటి వాసనా ఒక్కదాన్లోనే వస్తుందని ఇంగ్లీషు వాళ్ళు ఆ పేరు పెట్టారు. వాళ్ళకంటే ముందు అక్కడికి వెళ్ళిన స్పెయిన్ వాళ్ళు దాన్ని మిరియం అనుకున్నారు. ఇండియా కోసం బయల్దేరి ఇంకెక్కడో దిగినవాళ్ళు కదా, వాళ్ళకది మిరియంలాగే కనిపించింది. నాకది గరం మసాలాలా కనిపించింది. వాళ్ళ పొరపాటుకి చరిత్రలో చోటు దొరికింది, నా పొరపాటుకి చెత్తబుట్ట.

ఇక షార్టెనింగ్. పిండిలో జిగురు తీగలు పొడుగ్గా సాగకుండా పొట్టిగా ఉంచుతుంది కాబట్టి ఆ పేరట. తెల్లగా, గట్టిగా, ఏ వాసనా లేకుండా ఉంది. మా ఆవిడ వేలితో కాస్త తీసి చూసి, "ఏవండీ, ఇది డాల్డా కదూ" అంది. ఒక్క మాటలో తేల్చేసింది. చిన్నప్పుడు మా పెరట్లో ఆ పసుపుపచ్చ డబ్బాలు ఖాళీ అయ్యాక వాటిలో బంతిమొక్కలు ఉండేవి. మొక్కలకి ఏమీ కాలేదు, మనుషులకే మంచిది కాదని ఇక్కడి ప్రభుత్వం 2015లో తేల్చింది. ఇప్పుడు అదే పేరుతో అమ్మే డబ్బాలో సరుకు వేరు. అంటే మీరు చెప్పిన షార్టెనింగ్, మీ భోజనశాల వాడిన షార్టెనింగ్ ఈ రోజున ఏ షాపులోనూ లేదు. మీ రుచి మా ఇంటికి ఏ దారిన వస్తుందండీ?

'పులిసిన పాలు, ఒక కప్పు' అన్నారు. అప్పటి పాలు బయట పెడితే వాటంతటవే పులిసేవి. ఇప్పటి పాశ్చరైజ్ చేసిన పాలు పులవవు, కుళ్ళుతాయి. రెండింటికీ తేడా ఏమిటో మూడు రోజులు కౌంటర్ మీద పెట్టి కనుక్కున్నాను. వివరాలు అడక్కండి. ఆ పులుపు లేకపోతే మీరు చెప్పిన వంటసోడా ఊరికే కూర్చుంటుంది. బండి మీద బజ్జీల్లో సోడా ఎక్కువైతే నాలుక మీద సబ్బులా తగులుతుందే, అదే రుచి. అమ్మ ఇదంతా విని, "నిన్నటి మజ్జిగ లేదూ?" అంది. ఉంది. ఫ్రిజ్‌లో, కళ్ళెదురుగానే ఉంది.

అన్నిటికంటే పెద్ద తగువు మీ కప్పుతో. ఇదే మాసచూసెట్స్‌లో, బోస్టన్‌లో, ఫ్యానీ ఫార్మర్ అనే ఆవిడ 1896లోనే పట్టుబట్టి చెప్పింది, కప్పయినా చెంచా అయినా అంచుకి సమంగా కత్తితో గీసి కొలవమని. బాగానే ఉంది, గీశాను. కానీ కప్పులోకి పిండి ఎలా వచ్చిందో కూడా చూడాలని మీరు చెప్పలేదు. చెంచాతో తీసి వదులుగా నింపితే 120 గ్రాములు. నాలాగ కప్పుని సంచిలో గుచ్చి తీస్తే 150 దాకా పోతుంది. ఆరు కప్పులకి ఎంతవుతుందో లెక్కేస్తే, మొదటిసారి మఫిన్ ఎందుకు పేపర్‌వెయిట్ అయిందో అర్థమైంది. ప్రపంచమంతా గ్రాముల్లో తూచుకుంటుంటే ఈ దేశం ఇంకా కప్పుల్లో కొలుస్తోంది. మా అమ్మమ్మ గిద్ద, సోల, తవ్వ, మానిక అని కొలిచేది. ఇంత దూరం విమానమెక్కి వచ్చి చూస్తే ఇక్కడా అదే సోల, పేరు మాత్రం కప్పు.

కలపడం గురించి మీరు రాసింది ఒకటే వాక్యం, బాగా కలపండి అని. కలిపాను. ఇడ్లీ పిండికి పెట్టినంత శ్రద్ధ పెట్టి, ఉండ కనపడకుండా, చెయ్యి నొప్పెట్టేదాకా కలిపాను. మఫిన్ పిండిని పది పదిహేను తిప్పులకి మించి తిప్పకూడదట. ఉండలుగా, ఎవరో మధ్యలో వదిలేసి వెళ్ళినట్టుండాలట. ఎక్కువ తిప్పితే జిగురు పట్టి లోపల సొరంగాలు పడతాయి. నా మఫిన్‌ని కోస్తే నిలువునా ఇంతింత సొరంగాలు, ఎలకలు కాపురమున్నట్టు. బద్ధకంగా చేస్తేనే బాగా వచ్చే వంట ప్రపంచంలో ఒకటుందని, అది నా చేతికొచ్చాక కూడా నేను కష్టపడి పాడుచేశానని మా ఆవిడ ఇప్పటికి నలుగురికి ఫోన్లో చెప్పింది. ఐదో ఆవిడతో మాత్రం "ఆడలేక మద్దెల ఓడంటున్నారులెండి, పుస్తకం మీద పడ్డారు" అంది.

మూడు డజన్లు కూడా రాలేదు. 22 వచ్చాయి. మీ కాలంలో మఫిన్ రేకులు చిన్నవి. ఇప్పటి మఫిన్ ఒక్కటి తింటే పూట గడిచిపోయేంత.

ఇంకొక విషయం రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది. లవంగాల పొడి రెండు చెంచాలు అని మీరు అచ్చేసిన చోట, మీ పాత యజమాని ఎవరో ఆ రెండుని పెన్సిలుతో కొట్టేసి పక్కన ½ అని రాశారు. చూశాను. చూసి కూడా, అచ్చులో ఉన్నదాన్ని కాదని ఎవరో పెన్సిలుతో గీకినదాన్ని నమ్మడమేమిటనుకున్నాను. ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి, డాక్యుమెంట్‌లో ఉన్నది అబద్ధమని ముందు తెలియాల్సింది నాకే. అందుకని రెండోవారం అక్షరం పొల్లుపోకుండా మీరు చెప్పినట్టే చేశాను. అసలైన ఆల్‌స్పైస్ కొని, పాలల్లో వెనిగర్ పోసి పులుపు తెప్పించి, షార్టెనింగ్ వేసి, లవంగాల పొడి రెండు చెంచాలూ వేసి. ఒకటి తినేసరికి కింది పెదవి ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చింది. పంటి నొప్పికి లవంగ నూనె ఎందుకు పెడతారో అప్పుడర్థమైంది. పైగా పొడిపొడిగా ఉండి, నీళ్ళు లేకుండా గొంతు దిగలేదు.

మూడోవారం మిమ్మల్ని అలమరలో పెట్టి తలుపేశాను. పెన్సిలు చెప్పినంత లవంగం, అమ్మ చెప్పిన మజ్జిగ, షార్టెనింగ్ బదులు వెన్న, తూకం వేసిన పిండి, పన్నెండు తిప్పులు. అంతే. మెత్తగా, తడిగా, పైన చిన్న గోపురం కట్టి వచ్చాయి. ఇక మీకు ఈ ఉత్తరం రాసి, పరువు తీసి, తిరిగి లైబ్రరీకి ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాను.

అప్పుడు మా పక్కింటి పెద్దావిడ వచ్చింది. ఎనభై దాటాయి, పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. మీ అట్ట చూసి గుర్తుపట్టింది. చిన్నప్పుడు ఆదివారాలు చర్చి అవ్వగానే వాళ్ళ నాన్న మీ భోజనశాలకే తీసుకెళ్ళేవాడట. నాకు గొప్ప అవకాశం దొరికింది. ఫ్రీజర్లో దాచిన మీ రకం రెండు వేడిచేసి, మా రకం నాలుగు పక్కన పెట్టి, ఏది ఏదో చెప్పకుండా పళ్ళెం ముందుంచాను. గుమ్మడికాయ దొంగెవరంటే మీరే భుజాలు తడుముకుంటారని నా ఆశ.

మీది కొరికింది. కళ్ళు మూసుకుని కాసేపు నమిలింది. మంచినీళ్ళడిగి తాగింది.

"అచ్చం అవే" అంది. "అప్పుడూ ఇంతే, గొంతుకి అడ్డం పడేవి. అందుకే కాఫీ ఎన్నిసార్లడిగినా డబ్బుల్లేకుండా పోసేవాళ్ళు."

కొరికిన ముక్కని జాగ్రత్తగా పళ్ళెం అంచున పెట్టి, మా రకంలో మూడు పేపర్ నాప్కిన్లో చుట్టుకుని వెళ్ళింది.

అంచేత మీరు నాకు ఏ అబద్ధమూ చెప్పలేదని ఒప్పుకుంటూ, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. లైబ్రరీకి కూడా ఇవ్వడంలేదు.

ఇట్లు,
మీ డాలరు యజమాని

తా.క.: 64వ పేజీలో క్రాన్‌బెర్రీ మఫిన్లకి 'వెన్న, గుడ్డంత' అని రాశారు. ఏ పిట్ట గుడ్డో వీలైనంత త్వరగా కార్డు ముక్క రాయగలరు. పక్కన పెన్సిలుతో కూడా ఏమీ లేదు.