‘బియ్యమే కదా’ అంటున్న ఆ మెసేజ్‌కి జవాబు

తిరుపతిలో వాకింగ్ గ్రూపులన్నిట్లో ఈ మధ్య ఒకటే మెసేజ్ తిరుగుతోంది. మా మెడికల్ షాపుకొచ్చేవాళ్ళలో రోజుకొకరైనా ఫోన్ చూపించి "అన్నా, ఇది నిజమేనా?" అంటున్నారు. అందులో ఉన్నది ఇంతే: చైనావాళ్ళు వెయ్యేళ్ళుగా తినే రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూళ్ళు వేసుకుంటే కొలెస్ట్రాల్ దిగిపోతుంది. అది మందు కాదు, మన ఎర్రబియ్యమే. సైడ్ ఎఫెక్టులు లేవు. చైనాలో గుండెపోటు వచ్చినవాళ్ళ మీద ప్రయోగం చేసి చూశారు. కొలెస్ట్రాల్‌కి డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్రలు ఆపేయొచ్చు. డాక్టర్లు ఈ సంగతి దాస్తున్నారు.

కొలెస్ట్రాల్ దిగుతుందన్న మాట వరకూ నిజమే. చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 15 నుంచి 25 శాతం దాకా తగ్గినట్టు పరిశోధనల్లో కనిపించింది. ఎందుకు తగ్గుతుందో మాత్రం మెసేజ్ రాసినాయన మింగేశాడు.

‘మన ఎర్రబియ్యమే’ అన్నది శుద్ధ తప్పు. మన ఎర్రబియ్యం గింజను విరిచి చూడండి. ఎరుపంతా పైపొరలోనే, లోపల తెల్లగా ఉంటుంది. చైనాది ఉడికించిన బియ్యం మీద మొనాస్కస్ అనే బూజును పెంచి చేసేది. పేరుకే ఈస్ట్. ఆ బూజు గింజ లోపలికంటా పాకి ముదురెరుపు చేస్తుంది. ఈ తేడా తెలియక ఒకాయన మూడు నెలలు ఎర్రబియ్యం అన్నం తిని, రిపోర్టులో అంకె కదల్లేదని నామీద ఎగిరాడు!

‘మందు కాదు’ అన్నదే అసలు చిక్కు. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1979లో మొనాస్కస్ బూజులోంచి ఒక పదార్థాన్ని వేరుచేసి మొనాకొలిన్ కె అని పేరు పెట్టారు. ఇంచుమించు అప్పుడే అమెరికాలో మెర్క్ కంపెనీవాళ్ళు ఇంకో రకం బూజులోంచి ఒక పదార్థం తీశారు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్ పేరుతో మాత్రగా అమ్మకానికి అనుమతి పొందింది అదే. లివర్ కొలెస్ట్రాల్ తయారు చేయడానికి వాడే ఎంజైమును అది అడ్డుకుంటుంది, మాత్రలో ఉన్నా, బియ్యంలో ఉన్నా. స్టాటిన్ అంటే భయపడి దీనికి మారినాయన రోజూ మింగుతున్నది స్టాటినే.

ఇక సైడ్ ఎఫెక్టులు లేకుండా ఎట్లా ఉంటాయి? కండరాల నొప్పులు, లివర్ ఎంజైములు పెరగడం, స్టాటిన్‌కి ఏవేవి ఉన్నాయో దీనికీ అవే. అందరికీ వస్తాయని కాదు. గర్భిణులు వాడకూడదు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందు దీంతో కలిస్తే రక్తంలో మోతాదు అమాంతం పెరిగి కండరాలు దెబ్బతినొచ్చు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంకో రకం మనుషులు: మాత్ర ఆపకుండా దీన్నీ కలిపి వేసుకుని ‘డబుల్ లాభం’ అనుకునేవాళ్ళు.

మోతాదు సంగతి చూద్దాం. మా వీధి రిటైర్డ్ మాస్టారు, అమెరికా నుంచి కొడుకు తెచ్చిన డబ్బా ఒకటి కౌంటర్ మీద పెట్టారు. లేబుల్ అటూ ఇటూ తిప్పి చదివాను. క్యాప్సూల్‌కి రెడ్ ఈస్ట్ రైస్ 600 మిల్లీగ్రాములు, రోజుకు రెండు. అందులో మొనాకొలిన్ ఎంతో ఎక్కడా లేదు. మరిచిపోయి కాదు. మొనాకొలిన్ చెప్పుకోదగ్గంత ఉంటే అది అనుమతి లేని మందు కిందికే వస్తుందని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎప్పటినుంచో చెబుతోంది. అందుకే ఆ ఊసు ఎత్తరు. అమెరికాలో అమ్మే 28 బ్రాండ్లను పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితాల్లో, రెండింట్లో మొనాకొలిన్ అసలే లేదు. మిగతావాటిలో 1200 మిల్లీగ్రాముల పొడికి 0.09 నుంచి 5.48 మిల్లీగ్రాముల దాకా ఉంది. అరవై రెట్లు పైగా తేడా! అదే స్టాటిన్ స్ట్రిప్పు మీద 10 అని ఉంటే లోపల పదే ఉండాలి, లేకపోతే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ మా షాపు మెట్లెక్కుతాడు.

కిడ్నీల మాట మెసేజ్‌లో లేనే లేదు. ఈ బూజు కొన్నిసార్లు సిట్రినిన్ అనే విషాన్ని కూడా తయారు చేస్తుంది. అది పోయి పోయి కిడ్నీలనే పట్టుకుంటుంది. 2024 మార్చిలో జపాన్‌లో ఈ ఎర్రబూజు బియ్యం మాత్రలు వాడినవాళ్ళకు కిడ్నీలు దెబ్బతిని వందలమంది ఆస్పత్రిపాలయ్యారు, మాత్రలు వెనక్కి రప్పించారు. అక్కడ పట్టుబడింది సిట్రినిన్ కాదు, తయారీలో వేరే బూజు చేరితే వచ్చిన ప్యుబెరులిక్ యాసిడ్. జపాన్‌లోనే అట్లా జరిగిందంటే, ఎవరో ఆన్‌లైన్‌లో అమ్మే డబ్బాకి పూచీ ఎవరు?

వెయ్యేళ్ళ మాటకొస్తే, చైనాలో దీన్ని ఎక్కువగా వాడింది వంటకు, సారాయికి, రంగుకి. అజీర్తికి వైద్యంలోనూ వాడారు. కొలెస్ట్రాల్ అనే పేరు కూడా అప్పటికి పుట్టలేదు. గుండెపోటు వచ్చిన దాదాపు 4,870 మంది మీద చైనాలో చేసిన ప్రయోగాన్ని కూడా మెసేజ్ వాడుకుంది. అందులో మళ్ళీ గుండెపోట్లు తగ్గిన మాట నిజం. కానీ వాళ్ళకిచ్చింది రెడ్ ఈస్ట్ రైస్ నుంచే కొలతపెట్టి తయారు చేసిన షుయెజికాంగ్ అనే మందు, ఇలాంటి డబ్బా సరుకు కాదు.

డాక్టర్లు దాయడానికి ఇందులో ఏముంది? ఫార్మసీ పుస్తకాల్లో ఉన్న పాఠమే. డబ్బు కోసం దాస్తున్నారంటారా, స్టాటిన్ మాత్రల్లోని అటోర్వాస్టాటిన్ ప్రభుత్వం ధర కట్టడి చేసిన మందుల్లో ఒకటి, జన ఔషధిలో ఇంకా చవక.

ఇదంతా విని మాస్టారు తొడ నొక్కుకున్నారు. పది రోజులుగా మెట్లెక్కుతుంటే పట్టేస్తోందట, వయసనుకున్నారట. డబ్బా పక్కన పెట్టి, దాన్ని వెంట తీసుకునే డాక్టర్ దగ్గరికి వెళ్ళి కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే రక్తపరీక్ష, లివర్ పరీక్షలు అడగమన్నాను. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం రేపటిదాకా ఆగొద్దన్నాను. ఆయన షాపు ముందే నిలబడి కొడుక్కి ఫోన్ కలిపారు: "నాయనా, ఈసారి వచ్చేటప్పుడు ఆ డబ్బాలు తేబాకు. బాదంపప్పు తెచ్చియ్యి, చాలు."