మ్యాపు అందరిదీ సరే, లేయర్ ఎవరిది?

2003లో జర్మనీ, స్విట్జర్లాండ్ కలిసి లాఫెన్‌బర్గ్ దగ్గర రైన్ నది మీద వంతెన కడుతున్నాయి. జర్మనీ ఎత్తును నార్త్ సీ మట్టం నుంచి కొలుస్తుంది, స్విట్జర్లాండ్ మధ్యధరా సముద్రం నుంచి. రెండు లెక్కలకూ 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజినీర్లకు ముందే తెలుసు. సరిచేశారు కూడా. కాకపోతే కలపాల్సిన చోట తీసేశారు. తేడా పోకపోగా 54 సెంటీమీటర్లయింది.

ప్రభుత్వ శాఖల మ్యాపులన్నీ ఒకే ప్లాట్‌ఫామ్ మీదకు తేవాలన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ వంతెనే గుర్తొస్తుంది. అక్కడ ఎవరూ సమాచారం దాచుకోలేదు. అంకె అందింది. దాన్ని ఎటు వాడాలన్నదే తప్పింది.

శాఖలు మ్యాపులు పంచుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1994లోనే అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దీనికోసం ఉత్తర్వు ఇచ్చారు. 2007లో యూరోపియన్ యూనియన్ 'ఇన్‌స్పైర్' పేరుతో చట్టం తెచ్చి, ఏయే సమాచారం పంచుకోవాలో 34 అంశాలుగా విడగొట్టింది. ఒకే రోడ్డును మూడు శాఖలు మూడుసార్లు సర్వే చేయడం దండగని ఎవరైనా ఒప్పుకుంటారు.

పేచీ ఆ తర్వాతే. వరద వస్తోందనుకోండి. కంట్రోల్ రూమ్‌లో అధికారి ఉమ్మడి పోర్టల్ తెరిచి నది, రోడ్లు, వంతెనల లేయర్లు, అంటే ఒక్కో అంశాన్ని విడిగా గీసిన పొరలు, ఒకదాని మీద ఒకటి వేస్తాడు. ఒకే వంతెన రెండు చోట్ల కనిపిస్తుంది. రోడ్ల శాఖ గీసిందొకటి, నీటిపారుదల శాఖ గీసిందొకటి. ఏది ఎప్పటిదో, ఏ కొలత పద్ధతిలో తీసిందో రాసి లేదు. ఆయన స్క్రీన్ వదిలేసి, తెలిసిన ఇంజినీరుకు ఫోన్ చేస్తాడు. ఇక లొకేషన్ సున్నాలుగా నమోదైన రికార్డులైతే సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం దగ్గర, గినియా సింధుశాఖ నీళ్లలో తేలుతుంటాయి. ఆ చోటికి మ్యాపులవాళ్లు సరదాగా 'నల్ ఐలాండ్' అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. పోర్టల్ ప్రారంభం రోజున ప్రతి శాఖా ఒక ఫైలు అప్‌లోడ్ చేస్తుంది. అసలు కాపీ ఆఫీసులో మారుతూనే ఉంటుంది, పోర్టల్లోది మాత్రం అలాగే పడి ఉంటుంది. అందుకే కాపీలు పోగేయడం కన్నా, ప్రతి లేయర్‌కూ ఒక్క యజమానిని తేల్చి, ఆ శాఖ సర్వర్ నుంచే తాజా మ్యాపు నేరుగా కనిపించేలా చేయడం మేలు. దీనికి కావాల్సిన ప్రమాణాలు ఏనాడో వచ్చాయి. టెక్నాలజీ సాకు ఇక చెల్లదు.

చెప్పని కారణాలు వేరే ఉన్నాయి. మ్యాపులు అమ్ముకుని బతికే సంస్థలు ఊరికే ఎందుకిస్తాయి? డెన్మార్క్ 2013 నుంచి తన మౌలిక భౌగోళిక సమాచారాన్ని ఉచితం చేసింది. అలా చేయాలంటే ఆ ఖర్చు ఖజానా భరించాలి. ఇంకొకటి, పంచుకుంటే మన తప్పులు పక్క శాఖకు తెలిసిపోతాయన్న టెన్షన్. నా లెక్కలో ఇదే పెద్దది.

నెదర్లాండ్స్ ఆ భయాన్నే పద్ధతిగా మార్చుకుంది. చిరునామాలు, భవనాల ఉమ్మడి రిజిస్టర్‌ను అక్కడ ప్రభుత్వ సంస్థలు వాడి తీరాలి. తప్పుందన్న అనుమానం వస్తే తెలియజేయడమూ తప్పనిసరే. దాన్ని పరిశీలించాల్సింది సంబంధిత మున్సిపాలిటీ. చాలా పోర్టళ్లలో ఈ పనికి ఉండేది పేజీ అడుగున ఒక ఈమెయిల్ ఐడీ. దాన్ని ఎవరైనా తెరుస్తారో లేదో మరి.