బానెట్ కింది చిత్రగుప్తుడికి

మా కారు ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, మహారాజశ్రీ ఈసీయూ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది కానీ ఇక్కడ కుశలం లేదు. ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో పోయింది, దాని వెనకే వారంటీ పోయింది. నీకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదని సర్వీస్ అడ్వైజర్ చెప్పాడు. ఇక్కణ్ణుంచి 'గారు' మానేస్తున్నాను. దేవుళ్ళని నువ్వు అనే అలవాటు మనకు ఎలాగూ ఉంది.

ఆ రోజు నీకూ గుర్తుండే ఉంటుంది. నీకు గుర్తుండనిది ఏముంది గనక! "కంపెనీవాడు మీ ఇంజిన్ గొంతు నొక్కి పంపాడన్నా, నేను విప్పేస్తా" అన్నాడు ట్యూనింగ్ తమ్ముడు. స్టీరింగ్ కింద నీతో మాట్లాడే ఓబీడీ సాకెట్‌లో కేబుల్ గుచ్చి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, నీలోని సాఫ్ట్‌వేర్ ఫైలు మారుస్తూ నలభై నిమిషాలు కూర్చున్నాడు. మేం చెరో రెండు చాయ్‌లు తాగేలోపు 115 హార్స్ పవర్ 140 అయిపోయింది. కొలిచి చూపించిందేమీ లేదు. అతను అన్నాడు, నేను నమ్మాను, 15,000 ఇచ్చాను. ఫైలుకి లైఫ్‌టైమ్ వారంటీ అని కూడా అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పటికీ ఫైలు పాడవలేదు.

అబద్ధం ఎందుకు, బండి మారింది. సెకండ్ గేర్‌లో నొక్కితే సీటు వచ్చి వీపున తన్నేది. ఓ వారం రోజులు ఇంట్లో కొత్తిమీర కట్ట కావాలన్నా నేనే వెళ్ళాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడ్ లిమిట్ 120. ఆ 120 నా బండి పుట్టినప్పుడే అందుకునేది. రోజూ తిరిగేదేమో మియాపూర్ నుంచి అమీర్‌పేట్‌కి, ఫస్ట్ గేర్‌లో. ఆ అదనపు పాతిక గుర్రాలు మూసాపేట సిగ్నల్ దగ్గర నాతోపాటే నిలబడి గడ్డి మేసేవి.

ఆ గుర్రాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తర్వాత తెలిసింది. టర్బో ఎంత గాలి తోయాలి, ఇంజెక్టర్ ఎంత డీజిల్ పోయాలి, గేర్‌బాక్స్‌కి ఎంత టార్క్, అంటే తిప్పే బలం, మించి పంపకూడదు అనే లెక్కలన్నీ నీ దగ్గరే ఉంటాయి. ఆ లెక్కల్లో కంపెనీ కొంత మిగులు పెడుతుంది. మే నెల రామగుండం ఎండకి, కల్తీ డీజిల్‌కి, ఏడాదికోసారి కూడా ఎయిర్ ఫిల్టర్ మార్చని నాలాంటివాడికి అన్నమాట. తమ్ముడు ఆ మిగులునే తవ్వి తీసి నాకు అమ్మాడు. నా బీరువాలో డబ్బు తీసి నాకే వడ్డీకిచ్చినట్టు. గాలి పెరిగింది, డీజిల్ పెరిగింది, ఎగ్జాస్ట్ వేడి పెరిగింది, టర్బో ఇంకా వేగంగా తిరిగింది. పదకొండు నెలలు తిరిగి, శ్రీశైలం ఘాట్‌లో అంబులెన్స్‌లా కూత పెట్టి, నీలం పొగ వదిలి, మల్లన్న దర్శనానికి ముందే ముక్తి పొందింది.

అప్పుడు నేనేం చేశానో రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. షోరూమ్‌కి వెళ్ళే ముందు బండిని తమ్ముడి దగ్గరికి లాగించి, పాత ఫైలే మళ్ళీ ఎక్కించమన్నాను. దానికి ఇంకో 3,000. "ఎవడికీ తెలీదన్నా" అన్నాడు. నేను బొట్టు పెట్టుకుని, అమాయకుడి మొహం వేసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను.

అడ్వైజర్ స్కానర్ తగిలించాడు. స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు. "సార్, ఇందులో సాఫ్ట్‌వేర్ మూడుసార్లు రాసినట్టు ఉంది. మేం రాసింది ఒక్కసారే."

ఒకటి ఫ్యాక్టరీది. రెండోది నా పాపం. మూడోది ఆ పాపం దాచడానికి నేను 3,000 పోసి చేయించుకున్న ప్రాయశ్చిత్తం. దాన్ని కూడా పాపాల పద్దులోనే రాశావు కదయ్యా! యమలోకంలో చిత్రగుప్తుడైనా పుణ్యానికి వేరే కాలమ్ పెడతాడంటారు.

అన్ని బళ్ళలోనూ నీ జాతికి ఇంత జ్ఞాపకశక్తి ఉండదట. ఫోక్స్‌వ్యాగన్, ఆడి బళ్ళకైతే ఏకంగా టీడీ1 అని ఒక ముద్రే ఉందని డల్లాస్‌లో ఉన్న మా బావమరిది చెప్పాడు. బండిలోని సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరున్న దానితో కలవకపోతే ఆ బండి రికార్డు మీద ఆ ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్ క్లెయిమ్ అంటే ఏ డీలరైనా ముందు దాన్నే చూస్తాడు. "కానీ బావా, ఇక్కడ 1975 నుంచి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. బయటి పార్టు పెట్టావు కాబట్టి మొత్తం వారంటీ రద్దు అంటే కుదరదు. ఆ పార్టు వల్లే పాడైందని కంపెనీ చూపించాలి" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఓ నిమిషం ఆగి వాడే అడిగాడు: "అయినా టర్బో పోయింది టర్బోని తరిమినందుకే కదా బావా?" అమెరికా వెళ్ళినా మా అత్తగారి వైపు వాళ్ళ పోలిక పోలేదు.

సరే, టర్బో నా ఖాతానే. 72,000 కట్టాను. కానీ అదే రోజు ఎడమవైపు పవర్ విండో కూడా దిగడం లేదని చెబితే, "ట్యూనింగ్ చేసిన బండి కదా సార్, వారంటీ రాదు" అన్నారు. అద్దం దించడానికి కూడా టర్బో వాడతారా అని అడిగాను. వారంటీ పుస్తకం తెరిచి, మార్పుచేర్పుల వల్ల వచ్చిన నష్టానికి వర్తించదు అన్న లైన్‌లో 'వల్ల' అన్న మాట మీద వేలు పెట్టి చూపించాను. అద్దానికి వారంటీ రాదన్న మాట రాసిచ్చి మీ పేరు, సంతకం పెట్టండి, 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కి తీసుకెళ్తాను అన్నాను. టర్బో కోసం కమిషన్ మెట్లెక్కాలంటే నాకు మొహం చెల్లదు గానీ, అద్దం కోసం దర్జాగా ఎక్కుతాను. అడ్వైజర్ లోపలికెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. మోటార్ ఫ్రీగా వేశారు. ఇందులో నువ్వు నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనందుకు థాంక్స్.

ఇక అసలు సంగతి. తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. ఎన్నిసార్లు రాశారన్న నీ లెక్కని కూడా వెనక్కి తిప్పే కొత్త టూల్ వచ్చిందట, 6,000 అట. బిల్లిస్తావా అని అడిగాను. నవ్వాడు. ఆదివారం రమ్మన్నాడు.

నేనింకా ఏమీ చెప్పలేదు. నువ్వు మాత్రం ముందే రాసేసుకోకు.

ఇట్లు,
నీ పద్దులో మూడో వరుస వరకు వచ్చినవాడు